దాహినే అంటే దాపట కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తెల్లవారుజామున పరుగెత్తుతున్న కుర్రాళ్లు. కింద అగ్నివీర్ కోసం కసరత్తు అని రెండు ముక్కలు. ఫోటో బాగుంది. కానీ ఆ పిల్లోళ్లకు కావలసింది పరుగొక్కటే అన్నట్టుంది మీ రాత. నేను మద్రాస్ రెజిమెంటులో ఇరవై నాలుగేళ్లు చేసి 2015లో హవల్దారుగా ఇంటికొచ్చినవాణ్ని. అందులో 2006 నుంచి మూడేళ్లు వెల్లింగ్టన్ రెజిమెంటల్ సెంటర్లో రిక్రూట్లకు ఉస్తాదుగా, అంటే ట్రైనింగు ఇచ్చేవాడిగా ఉన్నాను. ఆ చనువుతో రాస్తున్నాను.

మా ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చుంటే ఎవరైనా అడిగేది కాశ్మీరు గురించే. ఉస్తాదు పని ఎట్లుండేదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తాను.

నిజానికి ఆ పోస్టింగు వచ్చినప్పుడు నేనేం సంతోషపడలేదు. మధ్యప్రదేశ్‌లోని మౌ ఇన్‌ఫాంట్రీ స్కూల్లో వెపన్ కోర్సు చేసి మంచి గ్రేడు తెచ్చుకున్నందుకు ఇదా బహుమానం అనుకున్నా. యూనిట్లో దోస్తులను వదిలి, మీసాలు సరిగా మొలవని పిల్లోళ్లకు కదమ్ తాల్, అంటే నిలబడిన చోటే అడుగులు వేయడం నేర్పాలి. పైగా నీలగిరుల చలి. కూనూరు పక్కన, ఆరు వేల అడుగుల ఎత్తు. మన సీమలో రాళ్లు పగిలే ఎండలు తప్ప ఇంకేం చూడని పిల్లోళ్లు డిసెంబరులో పొద్దున అయిదు గంటలకు ఫాలిన్‌లో, అంటే వరసల్లో నిలబడితే, పళ్లు టకటకలాడే చప్పుడు మూడో వరసలోంచి కూడా నాకు వినబడేది.

మొదటి బ్యాచిలో నేను చేసిన తప్పు ముందు ఒప్పుకోవాలి. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు దాహినే ముడ్ అంటే ఎడమకు తిరిగేవాడు. మూడుసార్లు చెప్పా. మూడుసార్లూ ఎడమకే. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. రైఫిలు రెండు చేతులతో నెత్తి మీదికెత్తి పట్టుకొని డ్రిల్ స్క్వేర్ చుట్టూ పది రౌండ్లు కొట్టమన్నా. కొట్టాడు. ఎదురు మాట్లాడలేదు. ఆ రాత్రి లైట్లు ఆర్పేశాక బ్యారక్ బయట నడుస్తుంటే లోపల గుసగుస వినబడింది. "దాహినే అంటే దాపటనే గదరా? మళ్లీ ఎందుకు కొట్టించినాడు రౌండ్లు?"

సేద్యం చేసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కాడికి ఎడమ పక్కన కట్టేది దాపటెద్దు, కుడి పక్కది వెలపటెద్దు. వాడు పుట్టినప్పటి నుంచి వినింది దాపట. హిందీలో దాహినే అంటే కుడి. మాట దగ్గరగా ఉంది, దిక్కు తిరగబడింది. నేను తెలుగువాణ్నేనని ఆ పిల్లోళ్లకు తెలీదు. తెలుగులో మాట్లాడితే నెత్తినెక్కి కూర్చుంటారని హిందీ తప్ప వాడేవాణ్ని కాదు. మర్నాడు పొద్దున వాడి ముందర నిలబడి, "ఒరే, దాహినే అంటే వెలపటెద్దు, బాయే అంటే దాపటెద్దు" అన్నాను. వాడి మొహం చూడాల్సింది. తిరగడం అప్పటికప్పుడే వచ్చేసింది. కానీ నా నోట్లోంచి తెలుగు ఊడిపడినందుకే ఎక్కువ బిత్తరపోయాడు.

అప్పటి నుంచి నాకు ఇదొక పిచ్చి పట్టుకుంది. ఏ పిల్లోడికి ఏ మాట దగ్గర అడ్డం పడుతోందో వెతకడం. ఫైరింగు పాఠంలో మొదటి మాట శిస్త్, అంటే గురి. దురుస్త్ శిస్త్, మజ్బూత్ పకడ్ (సరైన గురి, గట్టి పట్టు) అని నేను గొంతు చించుకుంటుంటే ఒక నంద్యాల కుర్రాడు ఎంతో మర్యాదగా, "శిస్తు మా నాయన కడతాడు ఉస్తాద్" అన్నాడు. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది. తమిళ పిల్లోళ్లకు ఎందుకు నవ్వుతున్నారో తెలీదు, అయినా నవ్వారు. ఇక ట్రిగర్ కథ వేరు. ఇన్సాస్ రైఫిలు పట్టుకున్న కొత్తవాడు వేలితో నొక్కడు, భుజంతో లాగుతాడు, గుండు పేలకముందే రెండు కళ్లూ మూస్తాడు. దానికి పాత మందొకటుంది. ఖాళీ రైఫిలు బారెల్ చివర రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ట్రిగర్ నొక్కమనడం. రోజుకు అరగంట, వారం రోజులు. బిళ్ల పడిందంటే టంగుమని చప్పుడు, వెంటనే నాలుగు తిట్లు. వారం తర్వాత అట్లాంటివాడొకడితో వంద మీటర్ల దగ్గర ఐదు రౌండ్ల గ్రూపింగు వేయించి టార్గెట్ కాగితం తెప్పిస్తే, ఐదు చిల్లులూ ఒక అరచేతి కింద దాక్కునేంత దగ్గరగా ఉన్నాయి. ఆ కాగితం పట్టుకొని వాడికంటే నేనే ఎక్కువసేపు నిలబడ్డాను.

2008 జూన్ 27న, 1971 యుద్ధంలో మన సైన్యాధిపతిగా ఉన్న ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా మా వెల్లింగ్టన్ మిలిటరీ ఆస్పత్రిలోనే కన్నుమూశారు. ఆ వారం క్లాసులో 1971 యుద్ధం గురించి చెప్తుంటే ఒక రిక్రూట్ లేచి, "ఆయనకు ఉస్తాద్ ఎవరు, ఉస్తాద్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కూర్చోమన్నాను.

ఇప్పుడు పత్తికొండ పక్క పల్లె నుంచి వచ్చిన గొర్రెల కాపరి పిల్లోడి సంగతి. మామూలుగా మనిషి నడిస్తే ఎడమ కాలుతో కుడి చెయ్యి లేస్తుంది. తేజ్ చల్ (కవాతు నడక మొదలుపెట్టు) అనగానే వీడికి ఎడమ కాలుతో ఎడమ చెయ్యే లేచేది. కొయ్యబొమ్మ నడిచినట్టు. కొత్తవాళ్లలో ప్రతి బ్యాచికి ఒకరిద్దరు ఇట్లాంటివాళ్లుంటారు. ఎంత అరిస్తే అంత బిగుసుకుపోతారు. రెండు వారాలు పోరాడా. చివరికి వాణ్ని పక్కకు తీసుకుపోయి, "నువ్వు సిపాయివి కాదు. నీ ముందర మంద పోతా ఉంది. ఎనకాల నడువు" అన్నాను. నడిచాడు. చేతులు, కాళ్లు వాటంతటవే సరిపోయాయి. అట్లా నడుస్తూనే ఉండమని, నేను పక్కనే నడుస్తూ, మెల్లగా ఏక్-దో-ఏక్ అందుకున్నా. వాడికి తెలియకుండానే గొర్రెల నడక కవాతులో కలిసిపోయింది.

ట్రైనింగు అయ్యాక ప్రమాణం చేసే వాడి కసమ్ పరేడుకు తల్లీ తండ్రీ వచ్చారు. గుంతకల్లులో రైలెక్కి, కోయంబత్తూరులో దిగి, మేట్టుపాళయం నుంచి ఘాటు బస్సులో. సంచిలో బుడ్డల ఉంటలు, ఒక డబ్బాలో ఊరిబిండి. పరేడు మొదలయ్యాక తండ్రి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూసి, "అయ్యా, నూరు గొర్రెల్లో నాదేదో నడక చూసి చెప్తా. నా కొడుకేడున్నాడో కనుక్కోలేకుండా ఉండా" అన్నాడు. బాధగా అన్నాడో గర్వంగా అన్నాడో నాకు తెలీలేదు. చేతి వాచీ సరిచేసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఇప్పుడు తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అని ఛాతీకి మెడల్ పెడుతున్నారు, మంచి పని. ఉస్తాదుకు ఏ మెడలూ ఉండదు. నాకు ఆ ముసలాయన మాట చాలు.

ఇక అసలు విషయం. 2022 జూన్‌లో అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పటి నుంచి కొలువు నాలుగేళ్లు, ట్రైనింగు అందులోనే. తర్వాత ఉంచుకునేది నూటికి ఇరవై ఐదు మంది దాకానే. అది మంచా చెడా అని నేను వాదన పెట్టుకోను, మీ పేజీల్లో ఆ వాదన చాలా జరిగింది. ఉస్తాదుగా నాకు కనబడేది ఒకటే: భాష దగ్గర పోగొట్టుకోవడానికి ఈ పిల్లోళ్లకు మాకున్నంత టైము లేదు. రాత పరీక్ష ఇప్పుడు తెలుగులో రాసుకోవచ్చు. డ్రిల్ స్క్వేర్‌కు తెలుగు రాదు. మా ఊరి కుర్రాడొకడు టౌన్లో ఒక కోచింగు సెంటరుకు ఇరవై ఐదు వేలు కట్టి మూడు నెలలు ఉండి వచ్చాడు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు కొడతాడు, బీము పది లాగుతాడు. పరుగుకు అరవై మార్కులు, బీముకు నలభై మార్కులు, బాగానే ఉంది. కదమ్ తాల్ అంటే ఏందిరా అని అడిగితే, "తాళం వేసేదా సార్?" అన్నాడు.

మన సీమ జిల్లాల్లో నాలాగా ఉస్తాదులుగా చేసి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉంటారు. బ్యాంకుల దగ్గర తుపాకి పట్టుకొని కూర్చున్నవాళ్లు, బోరు మోటర్ల దగ్గర కూర్చున్నవాళ్లు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో మా వివరాలన్నీ ఉంటాయి. ఆదివారం రెండు గంటలు మమ్మల్ని ఆ గ్రౌండులకు పిలవండి. డబ్బులొద్దు, టీ చాలు. నూరు హిందీ మాటలు, మాట వెంట కాలు. నేను తాడిపత్రి దగ్గర మా ఊరి హైస్కూలు గ్రౌండులో ఆరుగురితో మొదలుపెట్టాను. 2025 మేలో గోరంట్ల మండలం కల్లి తండా అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలొదిలిన వారం ఇద్దరే వచ్చారు. ఇళ్లల్లో తల్లులు పంపలేదు, వాళ్లను నేనేమీ అనలేను. పై వారం తొమ్మిది మంది వచ్చారు.

ఇదంతా మా స్వార్థం కూడా. మొన్న సాయంత్రం చీనీ చెట్లకు నీళ్లు పెడుతుంటే ఫోనొచ్చింది. పత్తికొండ పిల్లోడు. ఇప్పుడు వాడూ హవల్దారు, అదే వెల్లింగ్టన్లో ఉస్తాదు. "ఉస్తాద్, నా ప్లటూన్లో ఒకడికి ఒక పక్క చెయ్యీ కాలూ కలిసే లేస్తున్నాయి. కేరళ తీరం, చేపలు పట్టే ఇల్లు. గొర్రెల ముచ్చట చెప్తే వాడు బిక్కమొహం వేస్తాండాడు" అన్నాడు. నెత్తిన చేపల బుట్ట పెట్టుకున్నట్టు నడవమని చెప్పు అన్నాను. "చెప్పినా ఉస్తాద్, ఒక చెయ్యి బుట్ట పట్టుకోడానికి పైకి పోయింది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత, వట్టి చేతులతో ఇసుకలో పడవ దగ్గరికి పోతున్నట్టయితే ఎట్లుంటుందని నేను, అలల చప్పుడుకు అడుగు కలిపితే ఎట్లుంటుందని వాడు. ముప్పావు గంట. ఆ లోపల పాదులో నీళ్లు నిండి, గట్టు తెగి, పక్కోళ్ల చేన్లోకి పారాయి. మా ఇంటామె వచ్చి మోటరు ఆపింది.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా