నీ వీపు వేళచ్చేరి దాకా వెళ్ళింది

చెన్నై, పశ్చిమ మాంబళం
ఆదివారం రాత్రి

ఒసేయ్ బుల్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. అలిగే ఉంటావు, తప్పు నాదే. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నాడు ఆరో క్లాసుకొచ్చాడు, అత్తయ్య మోకాలు కాస్త నయం, ఈయన మామూలే. ఇక అసలు సంగతి విను. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న మంగళవారం సాయంత్రం ఒకటే వాన. బేరాల్లేవు, ఆషాఢం కదా. షట్టర్ సగం దించాను. అంతలో తల్లీకూతుళ్ళు తడుచుకుంటూ వచ్చారు. నెల్లూరు వాళ్ళు, వేళచ్చేరిలో ఉంటారట. శ్రావణంలో అమ్మాయి పెళ్ళి. తల్లి లైనింగ్ గుడ్డ కోసం ఆ వీధికొచ్చి, మన బోర్డు మీద తెలుగు అక్షరాలు చూసి లోపలికొచ్చిందట. ఆ పిల్ల ఫోన్ తీసి, "అక్కా, ఇలాంటిది కుట్టగలరా? రెండు షాపులు తిరిగాం, ఒకళ్ళు మెషీన్ వర్క్ చేసిస్తామన్నారు, ఇంకొకళ్ళు కుదరదన్నారు" అంది.

చూశాను. రాణి రంగు పట్టు. వెనక మెడ చుట్టూ జర్దోసీ తీగ, మధ్యలో రెండు హంసలు. కుడి హంసకు ఎర్ర కన్ను, ఎడమదానికి తెల్ల కన్ను.

బుల్లీ, మన కళ్ళకలక హంస!

మీ మరిది పెళ్ళికి ముందు రాత్రి ఎర్ర కుందన్లు అయిపోయి నేను ఏడుస్తుంటే, "ఎర్ర కన్నుదానికి కళ్ళకలకని చెబుదాంలే, పడుకోవే" అన్నావే, అదే. మా డాబా మీద జడ ముందుకేసుకుని నువ్వు నిలబడితే నేను తీసిన ఫొటో. వెనక అత్తయ్య ఎండబెట్టిన వడియాలు కూడా కనిపిస్తున్నాయి. నాకు నోట మాట రాలేదు. "ఇది నేనే చేశానమ్మా" అన్నాను. నమ్మలేదు పాపం. నోటుబుక్కు తీసి, ట్రేసింగ్ కాగితం తీసి చూపించాను. సూదిపోట్ల వరసలో ఆ హంసల మెడలు చూశాకే నమ్మింది. అప్పుడేమందో తెలుసా? "అక్కా, ఒక కన్ను ఎరుపు, ఒక కన్ను తెలుపు, అదే స్టైల్. కచ్చితంగా అలాగే రావాలి."

ఇదెలా జరిగిందో చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడేళ్ళు పెట్టాను కదా, పెట్టిన రోజు మీ అందరి లైకులు, రెండో రోజుకి చడీచప్పుడు ఉండదు. సంక్రాంతి తర్వాత పింటరెస్ట్‌లో బిజినెస్ అకౌంట్ తెరిచాను, డబ్బేం కట్టక్కర్లేదు. అది 2010 నుంచీ ఉందట, నేనేమో వంటలకూ ముగ్గులకే అనుకునేదాన్ని. అక్కడికి ఎవరూ మన ముఖాలు చూడ్డానికి రారే. కావలసింది టైప్ చేసి వెతుక్కుంటారు, నచ్చింది దాచుకుంటారు. ఫొటోలో ఒక ముక్కను ఎంచుకుంటే అలాంటివే ఇంకా తెచ్చి చూపిస్తుంది. ఆర్నెల్ల కిందటి బొమ్మ కూడా ఇవాళ పెట్టినట్టే ఎవరో ఒకరి కంటబడుతుంది.

కానీ మొదటి నెల పదకొండు మంది చూశారు. పదకొండే! మానేద్దామనుకున్నా. అన్నిటికీ "బ్యూటిఫుల్ వర్క్" అని పేరు పెట్టాను మరి. అలా ఎవరు వెతుకుతారు? అప్పుడు కౌంటర్ దగ్గర ఆడవాళ్ళు అనే మాటలే రాసుకోవడం మొదలుపెట్టా. "పట్టుచీరకు", "వెనక మెడ", "మోచేతి దాకా చేతులు", "పెళ్ళికూతురి బ్లౌజ్". మనం మగ్గం వర్క్ అంటాం, ఇక్కడివాళ్ళు ఆరీ వర్క్ అంటారు, రెండూ ఉండాలి. టైటిల్‌కి వంద అక్షరాలే చోటు, అందులో ముఖ్యమైనవి ముందు. ఫొటోలు అడ్డంగా తీసేదాన్ని, నిలువుగా మార్చాను. 1000కి 1500 పిక్సెళ్ళు, ఆ కొలతైతే ఫోన్లో మెడ డిజైన్ అంతా కనబడుతుంది. శ్రావణం పెళ్ళిళ్ళవి శ్రావణంలో పెడితే ఏం లాభం? ఉగాది అయిన మర్నాటి నుంచీ పెట్టాను. మగ్గం పనికి రోజులు పడతాయి కదా, అందుకే ఆడపిల్లలు ముందే వెతుక్కుంటారు.

ఇంతా చేసి ఒకటి మర్చిపోయాను. హంసల ఫొటోకి లింక్ లేదు, మన షాపు పేరు లేదు, ఊరు లేదు. నాలుగొందల మందికి పైగా దాచుకున్నారు బుల్లీ, వాళ్ళలో ఒక్కళ్ళకి కూడా అది ఎక్కడ కుట్టారో తెలీదు! ఆ పిల్ల దగ్గరున్నది స్క్రీన్‌షాట్. వాన పడకపోయినా, వాళ్ళమ్మ తలెత్తి బోర్డు చూడకపోయినా... తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. ఆ రాత్రే కూర్చుని అన్నిటికీ లింకులు పెట్టాను. మరిది ఒక చిన్న సైట్ చేసిచ్చాడులే, ధరలు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఇక నుంచి ప్రతి ఫొటో మూలా షాపు పేరు వేస్తున్నా. ఎంతమంది చూశారన్నది చూసుకుని మురిసిపోవడం మానేశాను. ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది సైట్‌కొచ్చారు, అవే చూస్తున్నా.

ఆరున్నర వేలకు ఒప్పుకుంది, రెండు వేలు అడ్వాన్సు. వాళ్ళ పిన్నికి కూడా ఒకటి కావాలట. మగ్గం మీద కూర్చునే తమ్ముడికి ఆషాఢంలో పని లేదని ఊరెళ్తానంటున్నాడు, ఆపేశాను. రేపు షావుకారుపేట వెళ్ళి ఎర్ర కుందన్లు, తెల్లవి, రెండూ తేవాలి.

ఒక మాట బుల్లీ. నిన్ను అడక్కుండా పెట్టాను. ముఖం కనబడటం లేదు కదా అనుకున్నాను. కానీ ముక్కూ ముఖం తెలియని పిల్ల ఫోన్లో నీ వీపు మీది పుట్టుమచ్చ చూసేసరికి గుండె కలుక్కుమంది. ముందే అడగాల్సింది. వద్దంటే ఆ నిమిషమే తీసేస్తాను. ఇప్పటికే స్క్రీన్‌షాట్ తీసుకున్నవాళ్ళ దగ్గర నుంచి మాత్రం తేలేను, అది ముందే చెబుతున్నా. తీసేస్తే, జాకెట్టు ఒక్కటే హ్యాంగర్‌కి వేసి మళ్ళీ తీస్తా, పార్సిల్ పంపు. దాన్ని మెషీన్‌లో వెయ్యలేదు కదా? మీ ఆయన్ని కూడా అడుగు, ఆయనేమంటే

కరెంటు పోయింది. ఫోన్ లైట్ పట్టుకుని రాస్తున్నా, అదీ అయిపోవస్తోంది. రాణి రంగు గుడ్డ ఇంకా మగ్గానికి బిగించాలి. జవాబు త్వరగా

నీ
పొట్టి