ఇన్నాళ్లకు గుర్తొచ్చిన నాణ్యత

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ వ్యాపార పేజీలో ఒక వార్త చదివాను. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇకపై అమ్మకాల వెంట పడదట, లాభాలూ, నాణ్యతా మాత్రమే చూసుకుంటుందట. పెద్ద ఫొటో కూడా వేశారు. పోనీలే అని ఊరుకున్నాను గానీ, నిన్న సాయంత్రం షాపు నిండా జనం ఉండగా కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మందుల షాపు. వాడేది ఆ కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరే. కొనేదాకా వాళ్ల సేల్స్ కుర్రాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, 'పక్క షాపువాళ్లు కూడా తీసుకున్నారు అంకుల్' అనేవారు. పక్క షాపులో నా పేరు చెప్పారని తర్వాత తెలిసింది! డబ్బు కట్టాక ఒక్కడూ ఫోనెత్తితే ఒట్టు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారి చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. టీవీలో చూసి జనం పొద్దున్నే వచ్చేశారు. మా సాఫ్ట్‌వేర్ మాత్రం 12 దగ్గరే కూర్చుంది. తొమ్మిది రోజులు చేత్తో బిల్లులు రాశాం. బీపీ మాత్రలకు వచ్చే పెద్దాయన, ఆ తేడా నేనే మింగుతున్నానని పదిమందిలో అనేశారు. కంపెనీకి ఫోన్ చేస్తే 'టికెట్ రైజ్ చేశాం సార్' అంటారు, అంటే ఫిర్యాదుకు ఒక నంబరిస్తారంతే. వాళ్లిచ్చిన టికెట్లతో ఎంజీబీఎస్‌లో ఒక బస్సు నింపొచ్చు.

నాణ్యత ఇప్పుడు మొదలుపెడుతున్నారంటే, ఇన్నాళ్లూ మేం కట్టింది దేనికి? లాభాల సంగతి మాత్రం ముందే అర్థమైంది, ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు) రెట్టింపు చేస్తూ మెయిల్ వచ్చింది. మా పై పోర్షన్ కుర్రాడు అక్కడే టెస్టింగ్ చేసేవాడు. అతన్నీ, టీమ్‌లో సగం మందినీ తీసేశారు. కల్తీ పట్టే ఇన్‌స్పెక్టర్‌ను ఇంటికి పంపి, మా పాలు చిక్కగా ఉన్నాయన్నట్టుంది. సరిగ్గా పరీక్షించని ఒక్క అప్‌డేట్ ఏం చేస్తుందో 2024 జూలై 19న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చూశాం కదా, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పుణ్యమా అని కంప్యూటర్లు ఆగిపోయి, బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

అంకెల మోజు గురించి, లెక్కల్లో లేని లాభాలు చూపించి కుప్పకూలిన సత్యం కంప్యూటర్స్ పుట్టిన ఊరికి వేరే చెప్పాలా? 2009లో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో మా వయసు వాళ్లందరికీ గుర్తే. అయినా మన నాయకులకు ఎన్ని లక్షల చదరపు అడుగుల ఆఫీసులు కట్టారన్నదే లెక్క. అందులో తయారైంది పనిచేస్తుందా అని అడిగిన మంత్రిని నేను చూడలేదు. సర్కారు ఆఫీసుకు వెళ్తే అక్కడా అదే పాట: 'సర్వర్ డౌన్, రేపు రండి'. ఐటీ రాజధాని అట!

మీకూ ఒక మాట. కంపెనీ పంపిన కాగితాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసే ముందు, ఆ సాఫ్ట్‌వేర్ వాడే షాపుల్లో ఒక్కదానికైనా మీ విలేకరిని పంపండి. మా షాపు మెట్రో స్టేషన్‌కు నడిచే దూరంలోనే ఉంది. నెలాఖరుకు ఏఎంసీ కట్టాలి, ఆలోపు వస్తే నా టికెట్ల నంబర్లన్నీ చూపిస్తాను.

- ఒక మందుల షాపు యజమాని, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్