సెల్లార్‌లో ప్లగ్గు

విశాఖపట్నం,
23-11-2025, ఆదివారం.

ఒరే రాజుగా,

తిట్టుకోకు. నీ ఉత్తరం వినాయకచవితికి వచ్చింది, ఇప్పుడు మార్గశిరం. మధ్యలో రెండుసార్లు మొదలెట్టాను. ఒకదాన్ని చంటిది పడవ చేసి వానలో వదిలేసింది, రెండోది ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. అమ్మ బాగుంది, మోకాళ్లు ఎప్పటిలాగే. పద్మకి మధురవాడ బ్రాంచికి బదిలీ. పెద్దాడు లెక్కల్లో అచ్చం నీ వారసుడు, ఇంక చెప్పక్కర్లేదుగా. అసలు సంగతికొస్తా.

సీతాలుని ఇచ్చేస్తున్నాను.

అవునురా, మన పాత కారు సీతాలే. హనుమంతవాక నుంచి వెంకోజీపాలెం దాకా ఇద్దరం తోసిన సీతాలు. బీచి గాలికి కింద రేకంతా తినేసింది. మొన్న డ్రైవరు సీటు దగ్గర మ్యాటు ఎత్తితే రోడ్డు కనపడింది. చంటిది "నాన్నా, కిటికీ!" అంది.

కరెంటు కారు కొంటున్నా. నవ్వకు. "వచ్చే మోడలు రానీ" అని ఏళ్ల తరబడి లాగినందుకు నాకు రేపు నరసయ్య అని పేరు పెట్టావు కదా, ఆ లెక్కలో తప్పేముందో చెప్పు. 2020లో టాటా వాళ్ల కరెంటు కారు నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు 30 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ బండి దాదాపు 14 లక్షలు. 2024లో ఎంజీ వాళ్ల విండ్సర్ 38 యూనిట్ల బ్యాటరీతో కలిపి పదమూడున్నరకే వచ్చింది. ఆగినవాడికి ఎనిమిది యూనిట్లు కలిసొచ్చాయా లేదా? "ఆగిన ఆ నాలుగేళ్లూ సీతాలుకి పెట్రోలు ఎవరు పోశారు?" అంది పద్మ. గాజువాక పోయి రావడం రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి వెయ్యి. లీటరు 108 పైమాటే, ఏడు వేలు ఎగిరిపోతున్నాయి. అదే దూరానికి కరెంటు 150 యూనిట్లు. ఇంటి వాడకం నెలకి 400 యూనిట్లు దాటిపోయి యూనిట్ 9.75 పడినా పదిహేను వందల లోపే.

దసరాకే కొనేసేవాణ్ణి. మా మావగారు అడ్డుపడ్డారు. సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, కరెంటు కార్లకి మునుపటి 5 శాతమే. "రెంటికీ తేడా తగ్గిపోయింది కదా అల్లుడూ, పెట్రోలుదే తీసుకో" అన్నారు. ఆ మాటా నిజమే, మళ్లీ ఆగా. ఇప్పుడేమో అమ్మ, మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి దర్శనం చేసుకుని బండి తెచ్చుకోవాలంటుంది. షోరూము కుర్రాడు "డిసెంబరు ఆఖరి వారం రండి సార్, ఏడాది మారితే పాత బండి కింద లెక్క, బాగా తగ్గిస్తారు" అని చెవిలో ఊదాడు. 20 దాటితే పుష్యం రా! "శూన్యమాసంలో చీపురు కూడా కొనను, కారా?" అంది అమ్మ.

ఇదంతా ఒక ఎత్తు, మా సెల్లారు ఒక ఎత్తు. అది చెప్పడానికే ఇవాళ పెన్ను పట్టింది.

కారుకి ప్లగ్గు కావాలి కదా. ఏసీకి పెట్టే 15 ఆంపియర్ల పాయింటు చాలు. గంటకి మూడు యూనిట్లు ఎక్కుతాయి, నా తిరుగుడికి రాత్రి రెండు గంటలు. మీటర్లన్నీ సెల్లార్‌లో మెట్ల కిందే ఉన్నాయి, అక్కడి నుంచి నా పార్కింగుకి పన్నెండు మీటర్ల వైరు. ఇంతేగా అని ప్రెసిడెంటుగారికి వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టా. పోయిన ఆదివారం పదింటికి అత్యవసర సమావేశం అన్నారు.

పదిహేనుమంది, ప్లాస్టిక్ కుర్చీలు, ముద్దాయిలా పక్కనే సీతాలు. ప్రెసిడెంటుగారు (ఉగాది పులిహోర కేసు, గుర్తొచ్చారా?) తగలబడుతున్న స్కూటరు వీడియో అందరికీ చూపించారు. రెండుసార్లు. నేను చూసిన కారులో ఎల్‌ఎఫ్‌పీ అనే రకం లిథియం బ్యాటరీ, వేడికి బాగా తట్టుకుంటుంది, ఎనిమిదేళ్లు గానీ 1,60,000 కిలోమీటర్లు గానీ వారంటీ అని నేను మొదలెట్టా. "వారంటీ కారుకా, మా బిల్డింగుకా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం.

రెండో అంతస్తాయన "కామన్ మీటరు నుంచి లాగేస్తే?" అన్నాడు. నా మీటరండీ, నా మీటరండీ అని నాలుగుసార్లు చెప్పా. అక్కణ్ణుంచి మాట లిఫ్టు ఖర్చు మీదికి, లిఫ్టు నుంచి ఎవరో మోటారు కట్టకుండా పడుకున్న పాత గొడవ మీదికి పోయింది. అరగంట గోవిందా.

అప్పుడు తీశారు ప్రెసిడెంటుగారు బ్రహ్మాస్త్రం. "2014లో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేదు. మళ్లీ అలాంటిదొస్తే కారులో ఏం పోస్తావోయ్?" నాకు నోరు పెగల్లేదు. కింద ఫ్లాటు పిన్నిగారు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, తలెత్తకుండానే, "ఆ రోజుల్లో మీరు బంకు దగ్గర డబ్బా పట్టుకుని లైన్లో నించోలేదటండీ? ఆ డబ్బా మాదే, ఇంకా తిరిగిరాలేదు" అన్నారు.

ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ అసలు మాటన్నది మా వాచ్‌మన్ అప్పన్న. "ప్లగ్గు ఈడెట్టేత్తే ఎలాగ బాబూ? మొన్న వానకి నీరు ఇంతకాడికొచ్చీసింది" అని లుంగీ పైకి లాగి మోకాలి మీద చెయ్యి పెట్టాడు. స్తంభం మీద చూద్దుము కదా, సున్నం మీద గోధుమరంగు చార, వేలు పెట్టి గీసినంత సాఫుగా! రోజూ దాని పక్కనే బండి పెడుతున్నా, ఒక్కనాడు చూళ్లేదు. ఇంజనీరింగు చదివినవాళ్లం ఐదుగురం ఉన్నాం రా అక్కడ. ప్రెసిడెంటుగారు జేబులోంచి కొలత టేపు తీశారు (సమావేశానికి టేపెందుకు తెచ్చారో!). చారకి మూడడుగులు పైన పెన్సిలుతో గుర్తు పెట్టి, "ఇక్కడ. విడిగా ఎంసీబీ స్విచ్చి, విడిగా ఎర్తింగు, రెండు ఇసక బకెట్లు. ఖర్చు నీదే" అన్నారు.

ఒప్పుకున్నట్టే కదరా అది?

బకెట్లు వచ్చాయి. ఒకటి అప్పుడే పిల్లి తన అవసరాలకి పుచ్చేసుకుంది. మీటరు లోడు పెంచమని దరఖాస్తు ఇచ్చా. మార్గశిరంలో గురువారాలు నాలుగు: ఈ 27, ఆపైన 4, 11, 18. లోడు ఏ గురువారంలోపు పెరిగితే ఆ గురువారమే బండి. నాలుగూ దాటితే సంక్రాంతి దాకా సీతాలే, ఆ కుర్రాడి తగ్గింపు గంగలో కలిసినట్టే.

పొగ రాదని గొప్పలు పోనులే, పరవాడ సింహాద్రి థర్మల్ ప్లాంటులో బొగ్గు కాలితేనే కదా మనకి కరెంటు.

నిన్న రాత్రి సీతాలుని ఒక్కణ్ణే భీమిలి దాకా తీసుకెళ్లొచ్చా. నాన్న కూర్చునే వైపు అద్దం ఇప్పటికీ సగమే దిగుతుంది. ఆయనుంటే ఈ కరెంటు బండిని... సరే, అది వద్దులే.

కొత్త బండికి సంపత్ వినాయకుడి దగ్గర పూజ రోజు నువ్వు రావాలి. నిమ్మకాయలు మాత్రం ఈసారి నువ్వు పెట్టొద్దు, నీకు దణ్ణం.

అప్పన్న కింద నుంచి కేకేస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చాడట, డ్రిల్లు తెచ్చి బిట్టు మర్చిపోయాడట. పరిగెత్తాలి. పద్మ బదిలీ సంగతి ఇంకా

నీ
శ్రీను