చీరాల నుంచి మోటుపల్లి దాకా: మన చరిత్ర సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటేడు సర్వసభ్య సమావేశంలో వెనక వరసలోంచి ఒకరు లేచి, "ఎప్పుడూ రాజుల వంశవృక్షాలేనా? తెలిసినట్టే ఉండి మనకు తెలియని సంగతులు చెప్పండయ్యా" అన్నారు. ఆ మాట పట్టుకునే ఈ ఏడాది కార్యక్రమాలు వేసుకున్నాం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా పన్నెండు నెలల్లో తొమ్మిది నెలలు కార్యక్రమాలు జరిగాయి. మే నెల ఎన్నికల హడావుడిలో పోయింది. సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సమావేశం మానేసి బియ్యం, దుప్పట్లు పోగుచేసి పంపాం. డిసెంబరులో ఎందుకు జరగలేదంటే, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, కార్యదర్శి బద్ధకం.

అన్ని కార్యక్రమాల గురించీ సమానంగా రాయడం లేదు. కొన్ని మామూలుగా జరిగాయి. కొన్ని మాత్రం ఇంటికి వెళ్లాక కూడా మనసులోంచి పోలేదు.

ఆగస్టు 15న దగ్గర్లోని ఒక బడికి వెళ్లాం. జెండా ఎగరేశాక పిల్లలు చేతులు చాచి "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు" అని గుక్కతిప్పుకోకుండా ప్రతిజ్ఞ చెప్పేశారు. "ఇది రాసిందెవరమ్మా?" అని అడిగితే ఒక చిన్నపిల్ల ఠక్కున "మా హెడ్మాస్టరు గారు" అంది. అందరం నవ్వాం కానీ, మనలో మాత్రం ఎంతమందికి తెలుసు? నేను పదేళ్లపాటు రోజూ ఆ ప్రతిజ్ఞ చెప్పాను. మా పుస్తకంలో మొదటి పేజీల్లోనే ఉండేది. కింద పేరు ఉండేది కాదు.

రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయన సొంతూరు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు దీన్ని తెలుగులో రాశారు. చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది అది. బిల్లులు, చలానాలు, పింఛన్ల కాగితాల మధ్య కూర్చున్న మనిషి పిల్లల చేత ఏం పలికించాలా అని ఆలోచించారు. రాసిన కాగితాన్ని రాజకీయ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారికి ఇస్తే, ఆయన రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి పంపారు. 1963లో విశాఖలోని ఒక బడిలో చదివించారు. 1964లో బెంగళూరులో కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దేశమంతటా బడుల్లో దీన్ని చెప్పించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అమలు. ఇప్పుడు తమిళ పిల్లలు తమిళంలో, మరాఠీ పిల్లలు మరాఠీలో చెబుతున్నది మొదట తెలుగులో రాసిందే. సుబ్బారావు గారు 1988లో కన్నుమూశారు.

ఆ రోజు జరిగిన పొరపాటు కూడా రాయాలి. పేరు మరుగున పడిన మనిషి కోసం మనం కట్టిన బ్యానర్ మీద "పిడిమర్రి" అని అచ్చయి వచ్చింది. ప్రెస్సువాళ్లను తిట్టుకుని లాభం లేదు, ప్రూఫు చూసింది నేనే. తెల్లకాగితం అంటించి స్కెచ్ పెన్నుతో దిద్దాం. గాలికి ఆ కాగితం ఊడిపోతుంటే ఇద్దరు పిల్లలు కార్యక్రమం అయ్యేదాకా వేళ్లతో అదిమి పట్టుకున్నారు. కోశాధికారి తీసిన ఫోటోల్లో ఆ వేళ్లు కూడా పడ్డాయి.

ఏప్రిల్ 30న పేరాల వీధుల్లో నడక. ఎండకు భయపడి పొద్దున్నే ఆరు గంటలకు మొదలుపెట్టాం. చీరాల–పేరాల ఉద్యమం పేరు మనూళ్లో అందరికీ తెలుసు. విగ్రహాలకు దండలూ వేస్తాం. అయితే అసలేం జరిగిందని అడిగితే చాలామంది "పన్ను కట్టనన్నారు" అని ఆగిపోతారు. 1919లో రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేశారు. అంతకుముందు ఏడాదికి నాలుగు వేల రూపాయలు కడుతున్న జనం మీద దాదాపు 40,000 పడింది. కట్టని వాళ్లను జైలుకు పంపారు. అలా వెళ్లినవాళ్లలో రావూరి అలమేలమ్మ అనే ఆవిడ కూడా ఉంది. 1921 ఏప్రిల్ 6న గాంధీ వచ్చినప్పుడు, మున్సిపాలిటీ వద్దనుకుంటే దాని హద్దు దాటి వెళ్లిపోవడం కూడా ఒక దారేనన్నారు. జనం ఆ మాటను మాటగా వదిలెయ్యలేదు. ఏప్రిల్ 30 నాటికి, సుమారు 15,000 మందిలో 13,000 మంది ఇళ్లు వదిలి హద్దు అవతల గుడిసెలు వేసుకున్నారు. ఆ చోటుకు రామనగర్ అని పేరు పెట్టారు. ముందుండి నడిపించింది ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన వాలంటీర్ల దళం రామదండు.

ఇవన్నీ చదివి తెలుసుకోవచ్చు. నడకలో మాతో వచ్చిన ఒక పెద్దాయన, నలభై ఏళ్లు మగ్గం నేసినాయన, మధ్యలో ఆగి ఒక మాటన్నారు. "మంచం ఎత్తుకెళ్లినట్టు మగ్గం ఎత్తుకెళ్లలేం బాబూ. గుంట మగ్గమంటే కాళ్లు పెట్టడానికి గుంట తవ్వాలి. పడుగు సాగదియ్యడానికి వీధి పొడుగునా చోటు కావాలి. వానొస్తే గుంటలోకి నీళ్లు. గుడిసెలో ఎట్టా నేస్తారు?" అప్పటిదాకా ఆ పదమూడు వేలు నాకు ఒక అంకె. ఆయన మాట విన్నాక, నేతమీద బతికే ఊరు హద్దు దాటడమంటే రోజుకూలి కూడా వెనక వదిలి వెళ్లడమని అర్థమైంది. అలా వాళ్లు దాదాపు 11 నెలలున్నారు. ఈలోగా దుగ్గిరాలను బరంపురంలో పట్టుకుని ఏడాది శిక్షవేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నడిపించేవాడు లేక, చేతిలో డబ్బు ఆడక జనం మళ్లీ ఇళ్లకు చేరారు. మున్సిపాలిటీ అలాగే ఉంది. ఓడిపోయారు కదా అని సభ్యుల్లో ఒక కుర్రాడన్నాడు. ఓడారు. ఆ మాట దాచి చెప్పే అలవాటు మన సభల్లో ఉంది, అది పోవాలి.

జనవరిలో మోటుపల్లి యాత్ర. చిన్న బస్సు, 31 మంది, పులిహోర పొట్లాలు. దారి తెలుసన్న డ్రైవరు ఒకచోట తప్పి రొయ్యల చెరువుల గట్టు మీదికి తీసుకెళ్లాడు, ముప్పావుగంట పోయింది. చివరికి వీరభద్రస్వామి గుడికి చేరాం. మండపంలోని స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244 నాటిది. అక్షరాలు కనబడటానికి ఒకాయన జేబులోంచి సుద్దముక్క తీశారు. వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది, కాస్త నొచ్చుకున్నారు కూడా. సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే చాలు, చెక్కిన గాడిలో నీడపడి అక్షరం లేచి నిలబడుతుంది. అలా ఒక్కో వరసా చూశాం.

అందులో ఉన్న సంగతి ఇది. అంతకుముందు రాజులు తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవాళ్లు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వెళ్లినవాళ్లు వీళ్లు, కాబట్టి దయతలచి, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలిందంతా వాళ్లకే వదిలేస్తున్నాం అంటాడు గణపతిదేవుడు. సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు, ఒక్కోదానికి ఎంతో చెక్కించాడు. రేట్ల పట్టికను రాయి మీద పెట్టాడన్నమాట, గుమస్తా నోటిమాటకు వదల్లేదు. తరవాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు మరో శాసనం వేయించాడు.

మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ మోటుపల్లినే. ఈ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి. కాకపోతే చనిపోయిన రాజుకు ఆమెను భార్యను చేశాడు, ఆమె గణపతిదేవుడి కూతురు కదా. ఇక్కడి సన్నని బట్టలు సాలెగూడులా ఉంటాయన్నాడు. ఆ మాట చదవగానే బస్సులోని నేత కుటుంబాలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఫిబ్రవరిలో కోరంగి మీద ప్రసంగం. కాకినాడ దగ్గరి ఆ రేవును 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు తుడిచిపెట్టాయి, 1839 నవంబరులో మళ్లీ ఉప్పెన. కలకత్తాలో ఉంటూ తుఫానుల మీద రాసిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 ఉప్పెనను వర్ణించాడు. పాము చుట్టకు గ్రీకులో ఉన్న మాట తీసుకుని 1848లో "సైక్లోన్" అనే పదం పుట్టించింది ఆయనే. ఆ రేవులో ఓడెక్కి బర్మా వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలు అన్నారు. మనం రంగూన్‌ను రంగం చేసుకున్నాం, వాళ్లు మనకు రేవు పేరు పెట్టారు. మైకు రెండుసార్లు ఆగిపోయినా జనం లేవలేదు.

మిగతా నెలల్లో జరిగినవి పాత నాణేల ప్రదర్శన, చదువుకునే పిల్లలకు వ్యాసరచన, నాలుగు ఇష్టాగోష్ఠులు. వ్యాసరచనలో సగం మంది పిల్లలు ఫోన్లోంచి ఎత్తిరాశారు. ఈసారి "మీ నాయనమ్మను అడిగి రాయండి" అని అంశం ఇస్తాం, ఎలా ఎత్తిరాస్తారో చూద్దాం.

లెక్కలు. 84 మంది సభ్యుల్లో 71 మంది తలా రూ. 200 చొప్పున చందా కట్టారు, అది రూ. 14,200. విరాళాలు రూ. 9,500. కిందటేటి నిల్వ రూ. 6,140. మొత్తం రూ. 29,840లో బస్సుకు, హాలుకు, అచ్చుపనికి, చిల్లర ఖర్చులకు కలిపి రూ. 20,950 పోగా రూ. 8,890 మిగిలింది. వరద సాయం లెక్క విడిగా ఉంది, కోశాధికారి దగ్గర ఎవరైనా చూడొచ్చు. చందా బాకీ ఉన్న పదమూడు మంది పేర్లు చదవొద్దని కార్యవర్గం తీర్మానించింది. వాళ్లెవరో వాళ్లకు తెలుసు.

వచ్చే ఏడాది పెడన, మచిలీపట్నం వెళ్లి కలంకారీ అద్దకం చూడాలని ఉంది. ఈ కోస్తా అద్దకం బట్టల ధాటికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ నిషేధాలు పెట్టుకున్నాయి. ఆ కథ అద్దకం బల్ల పక్కన నిలబడి వినాలి.

ఇంకొక్క విన్నపం. మీ ఇళ్లలో, అటకల మీద రామనగర్ రోజుల నాటి ఉత్తరాలు, పన్ను రసీదులు, ఫోటోలు ఏమైనా ఉంటే సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. అక్కడే స్కాన్ చేసి మీది మీకు ఇచ్చేస్తాం. టిఫిన్ ఎనిమిదింటికి, సమావేశం తొమ్మిదింటికి. బ్యానర్ ప్రూఫు ఈసారి వేరేవాళ్లు చూస్తున్నారు.

ఇట్లు,
కార్యదర్శి