లిఫ్టు గుంతలో నీళ్లు, మెషిన్ గదిలో వేడి

సంపాదకులకు నమస్కారం.

కానూరు, పోరంకి, గొల్లపూడి వైపు లేస్తున్న అపార్టుమెంట్లలో చాలావరకు స్టిల్టు మీద అయిదంతస్తులవే. ఫ్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు లిఫ్టెక్కి అద్దం, స్టీలు పలకలు, పైన లైట్లు చూసి బాగుందంటారు. బిల్డరు కూడా అక్కడే డబ్బు పెడతాడు. ఆ లిఫ్టు నాలుగు కాలాలు నడుస్తుందా, నెలకోసారి మొరాయిస్తుందా అన్నది తేలేది మాత్రం ఎవరూ తొంగిచూడని మూడు చోట్ల: కింద గుంతలో, తలుపుల లాకుల్లో, పైన మోటారు ఉండే మెషిన్ గదిలో. విజయవాడలో లిఫ్టుల పని చేసుకునే మేం ఈ ఉత్తరం రాస్తున్నది వాటి గురించే.

సెకనుకు మీటరు వేగంతో నడిచే మామూలు లిఫ్టుకు అడుగు అంతస్తు కింద సుమారు అయిదడుగుల గుంత ఉండాలి. క్యాబిన్ కిందికి జారితే దెబ్బను తట్టుకునే బఫర్లు, వేగం మితిమీరితే లిఫ్టును ఆపించే గవర్నర్ తాడును లాగిపట్టే బరువు, హద్దు దాటకుండా ఆపే కింది లిమిట్ స్విచ్‌లు అన్నీ అందులోనే ఉంటాయి. కృష్ణకూ కాలువలకూ దగ్గరి వీధుల్లో నాలుగడుగులు తవ్వేసరికే చెమ్మ తగులుతుంది. కాంక్రీటు పోసేటప్పుడే గుంత గోడలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించకపోతే, తర్వాత లోపలి నుంచి ఎన్ని పూతలు పూసినా ఊటను ఆపడం కష్టం. సెల్లారు ఉన్నచోట ర్యాంపు నీళ్లు లిఫ్టు వైపే వాలేలా గచ్చు వేసిన భవనాలూ ఉన్నాయి. గచ్చు వాలు అవతలికి ఉండాలి, లిఫ్టు గడప రెండు మూడు అంగుళాలు ఎత్తుగా, చిన్న వాలుతో కలవాలి. గుంతలో ఓ మూల చిన్న తొట్టి కట్టించి, నీళ్లు చేరగానే దానంతటదే ఆన్ అయ్యే పంపు పెట్టించండి. దాంతోపాటు ఇంకో ఫ్లోట్ స్విచ్ అడగండి. గుంతలో నీరు నిలిస్తే లిఫ్టును కింది అంతస్తుకు దిగనివ్వకుండా ఆపేది అదే. పెద్ద ఖర్చు కాదు, కానీ అడిగితేగాని పెట్టరు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు క్యాబిన్‌ను పైఅంతస్తుకు పంపి ఊరుకుంటే చాలదు. లిఫ్టును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు, అంటే కంట్రోలర్లు, చాలావాటిలో కాసేపు ఎవరూ వాడకపోతే లిఫ్టు దానంతటదే కిందికి వచ్చి నిలబడే సెట్టింగు ఉంటుంది. పైకి పంపిన లిఫ్టు మళ్లీ నీళ్లలోకి దిగేది దానివల్లే. రెండో అంతస్తుకో మూడో అంతస్తుకో పంపి, లోపల ఎవరూ లేరని చూసుకుని, మెయిన్ స్విచ్ ఆపేయాలి. నీళ్లు తీశాక వెంటనే ఆన్ చేయడం ఇంకా పెద్ద పొరపాటు. ముందు గుంతలో బురద ఎత్తాలి. మునిగిన స్విచ్‌లు ఆరబెట్టినా నమ్మకానికి పనికిరావు, మార్చేయాలి. క్యాబిన్ కింద వేలాడే ట్రావెలింగ్ కేబుల్‌ను మెగ్గర్‌తో (వైరు తొడుగు లీకవుతోందేమో చూసే మీటరుతో) పరీక్షించాలి. ఆయిల్ బఫర్ అయితే నూనె మార్చాలి. క్యాబిన్ కూడా మునిగి ఉంటే దాని అడుగున ఉండే సేఫ్టీ గేర్ దవడల్లో బురద గట్టిపడుతుంది. తాడు తెగినా, వేగం మితిమీరినా గైడ్ రైళ్లను పట్టుకుని క్యాబిన్‌ను ఆపాల్సింది ఆ దవడలే. వాటిని విప్పి కడిగి, గవర్నర్‌ను చేత్తో పనిచేయించి పట్టు చూశాకే మనుషుల్ని ఎక్కించాలి.

పైకి వస్తే, మనకున్న శత్రువు ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో, డాబా మీద ఇటుక గదిలో కంట్రోలర్ పెట్టి కిటికీ కూడా పెట్టరు. ఆ గదిలో వేడి 40 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో బయటే 44 ఉంటుంది. మధ్యాహ్నం ఆగిపోయి, సాయంత్రం చల్లబడ్డాక ఏ రిపేరూ లేకుండా నడిచే లిఫ్టుకు జబ్బు చాలాసార్లు మోటారు వేగాన్ని అదుపుచేసే డ్రైవ్ వేడెక్కడమే. డ్రైవ్‌లో ఉండే కెపాసిటర్ల ఆయుష్షు వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగం తగ్గుతుంది. రెండు ఎదురెదురు గోడలకు జాలీలు, ఒకవైపు ఎగ్జాస్ట్ ఫ్యాను, కప్పు మీద తెల్లటి కూల్ పెయింటు ఉంటే చాలావరకు గట్టెక్కుతుంది. ఇంకో దురలవాటు, సరిగ్గా మెషిన్ గది నెత్తిన వాటర్ ట్యాంకు కట్టడం. ట్యాంకు కారితే చుక్కలు పడేది కంట్రోలర్ మీద. బోర్డు కాలిపోయాక అది వారంటీలోకి రాదని చెబుతారు, అదీ నిజమే.

మెషిన్ గది లేని లిఫ్టులు ఇప్పుడు ఫ్యాషన్. వాటిలో మోటారు షాఫ్టు పైభాగంలోనే వేలాడుతుంది, వేడీ అక్కడే చేరుతుంది. డాబా మీద చోటుంటే మా ఓటు గది ఉన్నదానికే, మెకానిక్ నిలబడి పనిచేసుకోవచ్చు కాబట్టి. మోటారు మాత్రం గేర్‌లెస్ తీసుకోండి. కరెంటు తక్కువ, గేర్ ఆయిల్ కారే బెడద లేదు. హైడ్రాలిక్ రకం రెండు మూడంతస్తుల సొంత ఇంటికి పరవాలేదు, ఇరవై ఫ్లాట్లకు వద్దు.

వేగం కోసం డబ్బు పెట్టకండి. 15 మీటర్ల ఎత్తుకు సెకనుకు 1 మీటరు బదులు 1.5 మీటర్ల లిఫ్టు తెస్తే మిగిలేది అయిదు సెకన్లు. తలుపు ఒకసారి తెరిచి మూసే టైమంత. ఆ డబ్బు క్యాబిన్ లోతు మీద పెట్టండి. మనిషికి 68 కిలోల లెక్కన ఆరుగురికి 408, ఎనిమిది మందికి 544 కిలోలు. ఎనిమిది మంది క్యాబిన్ లోపల సాధారణంగా 1300 × 1100 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకు కొలిచినా 1700 దగ్గరే ఆగుతుంది, స్ట్రెచర్ ఎటు తిప్పినా పట్టదు. నాలుగో అంతస్తులో పెద్దాయనకు గుండెనొప్పి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకురావాల్సి వస్తున్నది అందుకే. రెండు లిఫ్టులు పెట్టే చోట ఒకటైనా 884 కిలోలది, 2000 లోతున్నది అడగండి. అదే బరువుకు అడ్డంగా వెడల్పు ఉన్న క్యాబిన్ కూడా దొరుకుతుంది గనుక లోతు ఎంతో ఆర్డరు కాగితంలో రాయించాలి. చక్రాల కుర్చీకి తలుపు 900 ఉంటే సుఖం.

ఇక తలుపులు. ఆగిపోయిందని మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వీటివే. ఇంటీరియర్ పనులవాళ్లు ప్లైవుడ్డు, ఇసుక, టైల్సు లిఫ్టులో ఎక్కిస్తారు. గడప గాడిలో సిమెంటు, రంపపు పొట్టు గట్టిపడి తలుపు చివరి అర అంగుళం మూసుకోదు. లాకు పడదు, లిఫ్టు కదలదు. అది కదలకపోవడమే మన రక్షణ. ప్రాణాలు పోయేది అక్కడ వైరు ముక్కతో జంపర్ వేసి లాకు సర్క్యూట్‌ను దాటించినప్పుడు. సాయంత్రం ఫోను చేసి అరిస్తే, ‘రేపు స్విచ్ తెస్తాను, ఈ పూటకు నడిపిస్తాను’ అని జంపర్ వేసి వెళ్లే మెకానిక్‌లు మాలోనే ఉన్నారు. ఆ రేపు రాదు. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు వెళ్లిపోతుంది, ఆ ఖాళీలోకి మనిషి అడుగు పెడతాడు.

దీన్ని కనిపెట్టడం అసోసియేషన్ చేతిలో పనే. సర్వీసు రోజున మెకానిక్ పక్కన నిలబడండి. క్యాబిన్‌ను వేరే అంతస్తులో ఉంచి, ఈ అంతస్తు తలుపును అతని తాళంతో రెండు వేళ్ల సందు తెరిపించి, బటన్ నొక్కించండి. కదలకూడదు. వదిలితే తలుపు దానంతటదే మూసుకోవాలి. ప్రతి అంతస్తులో ఇలాగే. తర్వాత మెయిన్ ఆపించండి, ఏఆర్‌డీ (కరెంటు పోతే లిఫ్టును అంతస్తుకు చేర్చే పరికరం) బ్యాటరీల మీద లిఫ్టు దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తెరవాలి. ఆ బ్యాటరీలు మన వేడికి రెండు మూడేళ్లకు మించి నమ్మదగినవి కావు. జనరేటర్ మీద కూడా ఒకసారి నడిపి చూడండి. మూడు ఫేజుల వరుస తారుమారైతే దాన్ని కనిపెట్టే రిలే లిఫ్టును కదలనివ్వదు, అది కరెంటు పోయిన రాత్రే బయటపడుతుంది.

మధ్యలో ఆగితే లోపల గాలి ఆడుతుంది, ఊపిరాడదన్న భయం అక్కర్లేదు. సగం తెరుచుకున్న తలుపులోంచి దూకడమే ప్రమాదం, క్యాబిన్ అడుగుకూ అంతస్తుకూ మధ్య సందులోంచి షాఫ్టులోకి జారిపోతారు. నేర్పించని వాచ్‌మన్‌ చేత బ్రేకు వదిలించకండి. కౌంటర్ వెయిట్ బరువు క్యాబిన్ బరువుకు తోడు అది మోయగలిగేదాంట్లో దాదాపు సగం ఉంటుంది. అందుకే ఒకరిద్దరున్న లిఫ్టు బ్రేకు వదలగానే పైకి దూసుకుపోతుంది.

ఏటా రాసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం (ఏఎంసీ)లో ‘కాంప్రహెన్సివ్’, అంటే అన్నీ కలిపి, అన్న మాట చూసి సంతకం పెట్టకండి. తాళ్లు, డ్రైవ్, బోర్డులు, మోటారు వైండింగ్, ఏఆర్‌డీ బ్యాటరీలు ఒక్కొక్కటీ అందులో ఉన్నాయో లేవో పేరుపేరునా రాయించాలి. తాళ్లలో ఒకటి పాడైతే మొత్తం సెట్టు మార్చాలి గనుక ఆ వాక్యం ఖరీదైనది. తాళ్ల మీద ఎర్రటి పొడి కనిపిస్తే లోపల తుప్పు మొదలైనట్టు. దానికి ఇంజన్ ఆయిల్ పోయిస్తే పుల్లీ మీద పట్టు పోయి లిఫ్టు జారుతుంది. లిఫ్టు అప్పగించే రోజే సర్క్యూట్ డ్రాయింగులు, కంట్రోలర్ పాస్‌వర్డ్ తీసుకోండి. పాస్‌వర్డ్ కంపెనీ దగ్గరే ఉండిపోతే రేపు ఇంకొకరికి పని ఇవ్వలేరు, వాళ్లు చెప్పిందే రేటు.

నగరపాలక సంస్థకు మా విన్నపం ఒకటే. భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఒక వానాకాలపు నెలలో తీసిన గుంత ఫొటోలు, ప్రతి అంతస్తు తలుపు లాకు పరీక్షించి సంతకం చేసిన కాగితం బిల్డరు నుంచి తీసుకోవాలి. వాటి నకలు అసోసియేషన్‌కు ఇప్పించాలి.

– కొందరు లిఫ్టు టెక్నీషియన్లు, విజయవాడ