మత్తు సూది వేసేటప్పుడు దూరంగా ఉండండి, రెండు వారాలయ్యాక అడగండి

సంపాదకులకు నమస్కారం.

చిరుతపులి జనావాసాల్లోకి వచ్చిందంటే వార్త ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది. మత్తు సూది వేశారు, బంధించారు, జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత జంతువు ఏమైందో ఎవరూ రాయరు. అడవి జంతువులను పట్టి తరలించే బృందాల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పనివ్వండి.

సూది తగలగానే జంతువు కూలిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మందు కండలోంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకు చేరడానికి సాధారణంగా పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ కాసేపు దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. అరుపులు, ఈలలు, సెల్‌ఫోన్ లైట్లతో అది బెదిరితే జైలజిన్ లాంటి మత్తుమందు సరిగా పట్టదు. సొమ్మసిల్లినట్టు కనిపించేది కూడా ఒక్క కేకకు లేచి మీదికి దూకవచ్చు. ఇటు వెనక నుంచేమో ‘ఇంకో డోసు వెయ్యండి సార్’ అని ఒకటే ఒత్తిడి. తొందరపడి వేస్తే రెండు డోసులూ కలిసి ప్రాణం తీయవచ్చు. జనాన్ని వెనక్కి పంపమని బతిమాలుకున్నంతగా నేను ఎవరినీ దేనికీ బతిమాలలేదు.

జంతువు పడిపోయాక ముందు చూడాల్సింది శ్వాస. ఏనుగైతే తొండం చివర అరచెయ్యి పెట్టి గాలి తగులుతోందా అని చూసేవాణ్ణి. తొండం మడతపడినా, ఒంటి కింద నలిగినా కష్టమే. ఏనుగు బోర్లా పడితే దాని బరువే ఊపిరితిత్తులను అదిమేస్తుంది, వెంటనే తాళ్లేసి పక్కకు ఒరిగించాలి. దుప్పి, అడవిదున్న సంగతి పూర్తిగా వేరు. నెమరువేసేవి కాబట్టి పక్కకు పడుకుంటే కడుపు ఉబ్బుతుంది, మింగిన మేత పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాటిని రొమ్ము మీద కూర్చోబెట్టి, తల పైకి, మూతి కిందికి ఉండేలా ఒకరు పట్టుకునే ఉండాలి. ఆఫ్రికాలో ఖడ్గమృగాలను కాళ్లు కట్టి, హెలికాప్టర్‌కు తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్తారు. అలా వేలాడితే శ్వాస ఎలా ఉంటుందో నమీబియాలో 12 నల్ల ఖడ్గమృగాల మీద కొలిచి చూశారు. పక్కకు పడుకోబెట్టినదానికంటే అధ్వానమేమీ కాదని తేలింది. ఆ పరిశోధనకు 2021లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. అది నవ్వించే పరిశోధనలకిచ్చే బహుమతే గానీ, అందరూ ఏళ్ల తరబడి చేస్తూ వచ్చిన పనిని ఆగి కొలవాలనుకున్నవాళ్లంటే నాకు చాలా గౌరవం.

మందుల గురించి ఒక్క మాట. ఏనుగులకు, ఖడ్గమృగాలకు వాడే ఎటార్ఫిన్ మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. పొరపాటున మనిషికి గుచ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే డార్ట్‌లో, అంటే దూరం నుంచి పేల్చే సూదిలో, మందు నింపే ముందే విరుగుడు చేతికి అందేలా ఉండాలి. చిరుతకు సాధారణంగా కెటమిన్, జైలజిన్ కలిపి ఇస్తాం. జైలజిన్‌కు యోహింబిన్ విరుగుడు, కెటమిన్‌కు విరుగుడే లేదు. కెటమిన్ తగ్గకముందే యోహింబిన్ ఇస్తే జంతువు బిగుసుకుపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

ఇన్నేళ్లలో నన్ను బాగా బాధపెట్టింది ఒక దుప్పి. మేం చేరేసరికే జనం దాన్ని చాలాసేపు తరిమారు. మందు ఇచ్చాం, నీళ్లు పోసి ఒళ్లు చల్లబరిచాం, విరుగుడు ఇచ్చాం, లేచి నిలబడింది. కంచె వేసిన ఆవరణలో వదిలితే మేత కూడా ముట్టింది. తర్వాత వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది, మూత్రం కాఫీ రంగులో వచ్చింది. విపరీతంగా పరిగెత్తిన కండరాలు లోపలే చితికిపోతాయి, వాటిలోని రంగు పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీన్ని క్యాప్చర్ మయోపతీ అంటాం. గంటల్లో చంపవచ్చు, వారాల తర్వాతా చంపవచ్చు. ముదిరాక మేం చేయగలిగింది బహు తక్కువ. ఆ దుప్పి చనిపోయింది. మత్తుమందు ఎక్కువై పోయిందని అందరూ చెప్పుకున్నారు. దాన్ని చంపింది మందు కాదు, తరమడం.

ప్రయాణం విషయంలోనూ ఒక అపోహ ఉంది. జంతువు గమ్యం చేరేదాకా మత్తులోనే ఉంటే మంచిదనుకుంటారు. నిజానికి బోనులో పెట్టి, మత్తు దిగి, తన కాళ్ల మీద తాను నిలబడ్డాకే బండి కదలాలి. దారిలో బెదరకుండా ఉండటానికి అజపెరోన్ లాంటి వేరే మందులున్నాయి, అవి స్పృహ పోగొట్టవు. బోను చీకటిగా, గాలి ఆడేలా ఉండాలి. బండి ఆగిన ప్రతిచోటా ఫొటోల కోసం మూత తీయకూడదు.

మీ విలేఖరులకు నా విన్నపం ఒక్కటే. ‘బంధించారు’ అని రాసిన రెండు వారాలకు అదే అధికారికి ఫోన్ చేయండి. ఎన్ని డోసులు ఇచ్చారు, ఒంటి వేడి కొలిచారా, ఇప్పుడు తింటోందా, నడుస్తోందా అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రెండు ముక్కలు వేయండి. చనిపోయిందంటే ఆ మాటా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు