పోలీస్ చీఫ్ గారికి బహిరంగ లేఖ: ఆ అబ్బాయి చివరి మాట వినిపించండి

గౌరవనీయులైన పోలీస్ చీఫ్ గారికి,

నమస్కారం. మన ఊళ్లో అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్థలంలో ఒక అబ్బాయి ప్రాణం తీసిన పోలీసు కాల్పుల మీద డాక్యుమెంటరీ తీస్తున్న నేను, పోలీసులు ఒంటికి తగిలించుకునే బాడీ కెమెరా ఫుటేజీ కోసం మీ కార్యాలయానికి ఇంగ్లీషులో నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి గడువు పొడిగిస్తున్నామని ఉత్తరం వచ్చింది. మిగిలిన మూడింటికి అది కూడా రాలేదు. కాలిఫోర్నియాలోని మా తెలుగువాళ్లయినా నాతో గొంతు కలుపుతారన్న ఆశతో ఈసారి నా భాషలో, అందరి ఎదుట అడుగుతున్నాను.

పోలీసు కాల్పుల వీడియోను సాధారణంగా నలభై అయిదు రోజుల్లో బయటపెట్టాలన్న కాలిఫోర్నియా చట్టం ప్రకారం వీడియో విడుదల చేశామని మీరు అనవచ్చు. ఆ పదకొండు నిమిషాల్లో మ్యాపు ఉంది, అత్యవసర నంబరు 911కు వచ్చిన ఫోను ఉంది, మీ అధికారి వ్యాఖ్యానం ఉంది. బాడీ కెమెరా దృశ్యం మాత్రం నిమిషంన్నర కూడా లేదు. ముఖాలు కప్పడానికి అనుమతించిన ఆ చట్టమే, జరిగినదాన్ని చూసేవారు పూర్తిగా, కచ్చితంగా అర్థం చేసుకోవడానికి ఆ మార్పులు అడ్డు రాకూడదని కూడా చెప్పింది కదా.

ఆ అబ్బాయి తల్లి ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని ఆ వీడియో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ప్రతిసారీ ఆమె ఒకే చోట ఆపుతుంది. అబ్బాయి చేతులు పైకెత్తుతూ ఏదో అంటాడు. పెదవులు కదులుతాయి, మాట వినపడదు. స్పీకరు చెడిపోయిందేమోనని మొదట్లో ఆమె కొత్తది కొని తెచ్చుకుంది. బటన్ నొక్కిన క్షణం నుంచే కెమెరా శబ్దం పట్టుకుంటుందని, అంతకుముందు ముప్పై సెకన్లకు బొమ్మ ఒక్కటే మిగులుతుందని, కాల్చిన అధికారి తూటాలు పేలిన తర్వాతే బటన్ నొక్కారని ఆమెకు విడమరిచి చెప్పవలసి రావడం నా పనిలోకెల్లా కష్టమైన పని. అన్నీ విని ఆమె, "మరి వాడేమన్నాడు బాబూ?" అని మళ్లీ అడిగింది.

దానికి జవాబు మీ దగ్గర ఉందని నా నమ్మకం. వెనక వచ్చిన అధికారి గేటు దగ్గరే కెమెరా ఆన్ చేశారు. మీ వీడియోలో ఆయన కెమెరా దృశ్యం ఆరు సెకన్లు శబ్దంతో సహా కనిపిస్తుంది. ఆ ఆరు సెకన్లు ఇవ్వగలిగినవారు మిగతాది ఎందుకు ఇవ్వలేరు?

2018 జూలై 14న షికాగోలో హారిత్ ఆగస్టస్ అనే క్షురకుణ్ని పోలీసులు కాల్చినప్పుడు కూడా, మర్నాడు బయటికి వచ్చిన వీడియోలో శబ్దం లేదు. తర్వాత మిగిలిన కెమెరాల రికార్డింగులు వచ్చాయి. పర్సులోంచి ఆయన తుపాకీ అనుమతి కార్డు తీసి చూపించడం, కాల్పుల తర్వాత అధికారులు తమలో తాము మాట్లాడుకోవడం అన్నీ పక్కపక్కన పేర్చి దర్శకుడు బిల్ మోరిసన్ 2023లో 'ఇన్సిడెంట్' అనే డాక్యుమెంటరీ తీశారు. ఒక కెమెరాకు అందనిది మరో కెమెరా చూపిస్తుంది కాబట్టే అన్నీ కావాలని ఇంతగా ప్రాధేయపడుతున్నాను.

2025 సెప్టెంబరు 3న శాంటాక్లారాలో పోలీసు కాల్పుల్లో మరణించిన మహబూబ్‌నగర్ యువకుడి కబురు ఇంటికి చేరడానికే రెండు వారాలు పట్టింది. అంత దూరాన ఉన్న తల్లిదండ్రులకు కెమెరా తప్ప సాక్షి ఎవరున్నారు?

దయచేసి వెనక వచ్చిన అధికారి రికార్డింగును మొదటి నుంచి చివరి దాకా, శబ్దంతో ఇప్పించండి. ఇవ్వడం కుదరకపోతే ఏ కారణంతో కుదరదో రాతపూర్వకంగా చెప్పించండి. నా సినిమాకు ఇవ్వడం ఇష్టం లేకపోతే, ముందు ఆ తల్లిని మీ కార్యాలయానికి పిలిచి, తలుపు వేసి, ఆమె ఒక్కదానికైనా వినిపించండి. నేను బయట కూర్చుంటాను.

ఇట్లు,
మీ నగరవాసి, ఒక డాక్యుమెంటరీ దర్శకుడు